అరవై ఏడు రెళ్ళు, ఒకటి తక్కువ

1644లో పారిస్‌లో ఒక లాటిన్ పుస్తకం అచ్చయింది. దాని ముందుమాటలో పదకొండు సంఖ్యల వరస ఒకటి ఉంది: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257. రాసినాయన మారిన్ మెర్సెన్, మినిమ్ అనే క్రైస్తవ శాఖకు చెందిన సన్యాసి. ఆయన చెప్పిందేమిటంటే, వీటిలో ఏ సంఖ్యనైనా తీసుకుని అన్ని రెళ్ళను వరసగా గుణించి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది ప్రధాన సంఖ్య. 257 దాకా ఇంకే సంఖ్యతో చేసినా అలా రాదు. రుజువు ఇవ్వలేదు. ఎలా లెక్క కట్టాడో కూడా చెప్పలేదు.

చిన్న సంఖ్యలతో మనమే చూసుకోవచ్చు. మూడు రెళ్ళు గుణిస్తే 8, ఒకటి తీస్తే 7. అయిదు రెళ్ళకి 31, ఏడు రెళ్ళకి 127. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఇదేదో బాగుందనుకుని పదకొండు రెళ్ళకి వెళితే 2047 వస్తుంది. అది 23ని 89తో గుణిస్తే వచ్చేది. అందుకే 11 ఆ వరసలో లేదు.

ఈ సంఖ్యల మీద అంత మోజు ఎందుకంటే, దాని మూలం యూక్లిడ్ దగ్గర ఉంది. తన కారణాంకాలన్నీ (తనను తప్పించి) కూడితే మళ్ళీ తానే వచ్చే సంఖ్యను పరిపూర్ణ సంఖ్య అంటారు. 6కి 1, 2, 3. 28కి 1, 2, 4, 7, 14. ఇలా ఒకటి తక్కువైన రెళ్ళ గుణకారం ప్రధాన సంఖ్య అయినప్పుడల్లా ఒక పరిపూర్ణ సంఖ్య పుడుతుందని యూక్లిడ్ రుజువు చేసిపెట్టాడు. 7ని 4తో గుణిస్తే 28, 31ని 16తో గుణిస్తే 496. రెండు వేల ఏళ్ళ పాటు జనం వెతికింది ఆ పరిపూర్ణ సంఖ్యల కోసం. ఉపయోగం సంగతి ఎవరూ అడగలేదు.

మెర్సెన్ స్వయంగా గొప్ప గణితజ్ఞుడని చెప్పలేం. కానీ దేకార్త్, ఫెర్మా వంటివాళ్ళ ఉత్తరాలు ఆయన గదికి వచ్చి, అక్కణ్ణుంచి మిగతావాళ్ళకు చేరేవి. ఇవాళ పరిశోధన పత్రికలు చేసే పని అప్పట్లో ఆయనొక్కడే చేశాడు. పదిహేనో ఇరవయ్యో అంకెలున్న సంఖ్య ప్రధానమా కాదా తేల్చడానికి ఉన్న కాలమంతా చాలదని ఆయనే రాసుకున్నాడు. 67 రెళ్ళతో వచ్చే సంఖ్యకు ఇరవై ఒక్క అంకెలు. 257తో వచ్చేదానికి డెబ్భై ఎనిమిది. తేల్చలేమని తానే ఒప్పుకున్నవాటిని తేల్చేసినట్టు రాసేశాడన్నమాట.

ఆ వరసలో తప్పులు అయిదు. 67, 257 ఉండకూడదు. 61, 89, 107 ఉండాలి. 61 రాయబోతే అచ్చులో 67 పడిందేమోనని తరవాతి కాలంలో కొందరు ఆయన్ని వెనకేసుకొచ్చారు. అలా ఒప్పుకుంటే రెండు తప్పులు తీరతాయి. మిగతా మూడూ ఏ కంపోజిటర్ మీదికి నెట్టాలో వాళ్ళు చెప్పలేదు. ఈ అయిదింటినీ బయటపెట్టి, వరసంతా సరిచూసి ముగించడానికి 1947 దాకా పట్టింది. అంటే మూడు వందల ఏళ్ళ పైమాట.

ఈ కథ ఆ 67ది.

అరవై ఏడు రెళ్ళు గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది 147573952589676412927. మన లెక్కలో పద్నాలుగు లక్షల డెబ్భై అయిదు వేల కోట్ల కోట్ల పైచిలుకు. చదరంగం గళ్ళలో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ గింజలు పోయించి రాజుగారి గాదెలు ఖాళీ చేయించిన కథ అందరికీ తెలిసిందే. అలాంటి బల్లలు ఎనిమిది నింపి, పైన ఇంకో ఏడు గింజలు వేస్తే సరిగ్గా ఈ సంఖ్య వస్తుంది.

ఇది ప్రధానమా కాదా అని బడిపిల్లల పద్ధతిలో తేల్చాలంటే 2, 3, 5, 7 అంటూ భాగించుకుంటూ పోవాలి. ఒక సంఖ్య రెండు ముక్కలైతే చిన్న ముక్క దాని వర్గమూలాన్ని దాటదు. ఇక్కడ ఆ వర్గమూలం 1214 కోట్ల పైన. అంతదాకా భాగించుకుంటూ పోగల మనిషి లేడు.

పనిని మొదట తగ్గించినవాడు ఫెర్మా. వృత్తికి తులూజ్‌లో న్యాయాధికారి, తీరిక వేళల్లో లెక్కలు. 1640లో ఆయన కనిపెట్టిన నియమం ఇది. ప్రధానమైన 11ని తీసుకుంటే, 11 రెళ్ళ సంఖ్యను, అంటే ఒకటి తీసేశాక వచ్చే 2047ని, భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 22 గుణిజానికి ఒకటి కలిపినదే అయి ఉండాలి. చూడండి, 23 అంటే 22కి ఒకటి ఎక్కువ, 89 అంటే 88కి ఒకటి ఎక్కువ. 37 రెళ్ళ సంఖ్యకైతే 74 గుణిజాలు చూడాలి. మూడు డెబ్భై నాలుగులు 222, ఒకటి కలిపితే 223, అది నిశ్శేషంగా భాగిస్తుంది. పన్నెండు అంకెల సంఖ్య అలా నాలుగు నిమిషాల్లో విరిగిపోయింది. అంతకు ముందు ఇటలీలో కటాల్డీ దాన్ని ప్రధానమని చెప్పి ఉన్నాడు.

ఇదే దారిలో 1772లో ఆయిలర్ 31 దగ్గర పని ముగించాడు. 2147483647 ప్రధాన సంఖ్యే. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు తెలిసినవాటిలో అదే అతి పెద్ద ప్రధాన సంఖ్య. పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, దాన్నించి పుట్టే పరిపూర్ణ సంఖ్యే మనుషులు కనిపెట్టబోయే వాటిలో ఆఖరుదని రాశాడు. ఇవి వింతలే తప్ప అక్కరకొచ్చేవి కావు, కాబట్టి ఇంకా పెద్దవాటి కోసం ఎవరూ శ్రమపడరని ఆయన వాదన. మనుషులు అక్కరకు రాని వాటి కోసం ఎంత శ్రమపడతారో బార్లో సరిగా అంచనా వేయలేదు.

67 విషయానికొస్తే, ఫెర్మా నియమం ప్రకారం 134 గుణిజాలకు ఒకటి కలిపినవే చూడాలి. ఇంకో నియమం వాటిలో సగాన్ని తోసేస్తుంది, ఎనిమిదితో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ వచ్చేవే మిగులుతాయి. అయినా 1214 కోట్ల దాకా అంటే మిగిలేవి నాలుగు కోట్ల పైన.

అప్పుడు ఎడువార్ లూకాస్ వచ్చాడు. ఆయన చేసింది నాకు ఈ కథంతటిలోకీ అన్నిటికంటే విడ్డూరంగా తోస్తుంది. కారణాంకాలు ఒక్కటీ వెతక్కుండా, ఒక సంఖ్య ప్రధానమా కాదా తేల్చే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని 1930 ప్రాంతంలో లెమర్ అనే అమెరికన్ సాపు చేశాడు. ఆ సాపైన రూపమే చెబుతాను, అది సులువు. 4తో మొదలుపెట్టండి. దాని వర్గం కట్టి 2 తీసేయండి, 14. మళ్ళీ వర్గం కట్టి 2 తీసేయండి, 194. ఇలా పోతూ ఉండటమే. సంఖ్య చేయి దాటిపోకుండా ప్రతిసారీ మనం పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. 5 రెళ్ళ సంఖ్యకి నాలుగో పదం, 11 రెళ్ళ సంఖ్యకి పదో పదం చూడాలి. అది సున్నా అయితే ప్రధానం, కాకపోతే కాదు. 31కి వేసి చూస్తే 4, 14, 8, 0. సున్నా వచ్చింది. 2047కి వేస్తే 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. సున్నా రాలేదు. కాబట్టి 2047 ఎక్కడో విరుగుతుంది. ఎక్కడో మాత్రం ఆ 1736ని ఎంత తిప్పి చూసినా తెలియదు. 23 గానీ 89 గానీ అందులో కనబడవు.

1876లో లూకాస్ ఇలాంటి లెక్కతోనే రెండు తీర్పులు చెప్పాడు. 127 రెళ్ళ సంఖ్య ప్రధానమే, మెర్సెన్ మాట నిజం. ముప్పై తొమ్మిది అంకెల ఆ సంఖ్య డెబ్భై అయిదేళ్ళ పాటు లోకంలోకెల్లా పెద్ద ప్రధాన సంఖ్యగా నిలిచింది, చేత్తో తేల్చినవాటిలో ఇప్పటికీ అదే పెద్దది. రెండో తీర్పు 67 మీద. అది ప్రధానం కాదు.

మరి దాని కారణాంకాలు? తెలియదు. ఉన్నాయని మాత్రం ఖాయం.

లూకాస్‌ని మన పాఠకులు వేరే దారిలో ఎరుగుదురు. 1883లో ఆయన మారుపేరుతో ఒక ఆటబొమ్మ విడుదల చేశాడు, హనోయి గోపురం. మూడు కర్రలు, వాటిలో ఒకదానికి తొడిగిన చిన్నా పెద్దా బిళ్ళలు. పెద్దది చిన్నదాని మీద పెట్టకుండా అన్నిటినీ ఇంకో కర్రకి మార్చాలి. కంప్యూటర్ సైన్స్ చదివిన ప్రతివాళ్ళూ పరీక్షకు రాసిన లెక్కే ఇది. ఆ బొమ్మ వెంట ప్రచారమైన కట్టుకథ ఒకటుంది. కాశీలో ఒక గుడిలో అరవై నాలుగు బంగారు బిళ్ళల్ని పూజారులు ఇలా మారుస్తూనే ఉంటారని, మార్చడం అయిపోయిన రోజున ప్రళయమని. కాశీలో అలాంటిదేమీ లేదు గానీ లెక్క మాత్రం నిజమే. బిళ్ళలు ఎన్ని ఉంటే అన్ని రెళ్ళు గుణించి ఒకటి తీసేస్తే కదలికల సంఖ్య వస్తుంది. మన 147573952589676412927 అంటే అరవై ఏడు బిళ్ళల గోపురానికి కావలసిన కదలికలే. లూకాస్ 1891లో నలభై తొమ్మిదో ఏట పోయాడు. ఒక విందులో జారిపడిన పింగాణీ పళ్ళెం ముక్క ఎగిరి చెంపకు గుచ్చుకుని, ఆ గాయం చీము పట్టి కొద్ది రోజుల్లోనే ప్రాణం తీసింది.

67 మీద లూకాస్ తీర్పు చెప్పి ఇరవై ఏడేళ్ళు గడిచాయి. 1903 అక్టోబర్ 31, శనివారం. న్యూయార్క్‌లో అమెరికన్ మాథమెటికల్ సొసైటీ సమావేశం. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు, ఆ సొసైటీకి ఏళ్ళ తరబడి కార్యదర్శి అయిన ఫ్రాంక్ నెల్సన్ కోల్ ప్రసంగం ఒకటి ఆ రోజు కార్యక్రమంలో ఉంది. విషయం, పెద్ద సంఖ్యల కారణాంకాలు. కోల్ మాట్లాడకుండా నల్లబల్ల దగ్గరికి నడిచాడట. ఒక పక్క 2 ఘాతం 67 విలువ కట్టి, ఒకటి తీసేశాడు. పక్కకు జరిగి ఇంకో చోట రెండు సంఖ్యలు వేశాడు: 193707721, 761838257287. గుణకారం మొదలుపెట్టాడు. ఆఖరి వరస కూడేసరికి రెండు పక్కలా ఒకే సంఖ్య. సుద్దముక్క పెట్టేసి, మాట్లాడకుండానే వెళ్ళి కూర్చున్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ప్రశ్నలు ఎవరూ అడగలేదు.

ఇది ఎరిక్ టెంపుల్ బెల్ 1951లో ఒక పుస్తకంలో రాసిన కథనం. బెల్ ఆ రోజు ఆ గదిలో లేడు. తరవాత కొన్నేళ్ళకు కొలంబియాలో కోల్ దగ్గర చదువుకున్నాడు. గణితజ్ఞుల జీవితాలు కథల్లా రాయడంలో ఆయన దిట్ట. కథ రక్తి కట్టాలంటే ఉప్పూకారం కాస్త ఎక్కువే వేస్తాడని చరిత్రకారులు ఆయన్ని తప్పుపడతారు కూడా. కాబట్టి ఆ మౌనవ్రతం అచ్చంగా అలాగే జరిగిందో లేదో, నేను పట్టుబట్టను. గుణకారం మాత్రం ఎవరైనా సరిచూసుకోవచ్చు. చూస్తే ఒక చిన్న సంగతి తెలుస్తుంది. 193707721లో అంకెలు తొమ్మిదైనా, ఒకటి సున్నా, మూడు ఏడులు, రెండు ఒకట్లు. కట్టాల్సిన ఎక్కాలు 9, 3, 7, 2 మాత్రమే, మిగతావి తిరగరాసుకోవడమే. స్థిమితంగా వేసినా పావుగంట చాలు.

ఆ రెండు సంఖ్యల్ని పట్టుకోవడానికి ఎంత కాలం పట్టిందని 1911లో బెల్ కోల్‌ని అడిగాడు. మూడేళ్ళ ఆదివారాలు అన్నాడట ఆయన.

కూర్చుని 134 గుణిజాలన్నీ భాగించుకుంటూ పోయాడా అంటే, లేదు. అలా పోయి ఉంటే చిన్న ముక్క 14,45,580వ గుణిజం దగ్గర దొరికేది. 134ని ఆ సంఖ్యతో గుణించి ఒకటి కలిపితే 193707721. పనికిరానివన్నీ ముందే ఏరేసినా ఎనభై వేల భాగహారాలైనా చేయవలసి వచ్చేది, అవీ ఇరవై ఒక్క అంకెల సంఖ్యతో. మూడేళ్ళ ఆదివారాలంటే నూట యాభై పైచిలుకు. ఆదివారానికి అయిదు వందల భాగహారాలు ఎవరూ చేయలేరు. సొసైటీ బులెటిన్‌లో ఆ డిసెంబరులోనే వచ్చిన వ్యాసంలో కోల్ తన దారి చెప్పాడు. అది వర్గశేషాల దారి. ఏదో ఒక వర్గాన్ని మన పెద్ద సంఖ్యతో భాగిస్తే ఒక చిన్న శేషం వచ్చిందనుకోండి. ఆ పెద్ద సంఖ్యకున్న ప్రతి కారణాంకం విషయంలోనూ ఆ శేషానికి అదే గుణం ఉంటుంది. ఆ ఒక్క సంగతితో కారణాంకం అయ్యే వీలున్న సంఖ్యల్లో సగం ఎగిరిపోతాయి. ఇంకో శేషం దొరికితే మిగిలిన సగంలో సగం. ఎనిమిదితో భాగిస్తే 1 గానీ 7 గానీ అన్న నియమం కూడా అలా 2 అనే శేషం పెట్టిన భిక్షే. ఇలాంటివి పది దొరికితే వెయ్యింటికి ఒకటి మిగులుతుంది. సభలో మౌనం సంగతేమో గానీ కాగితం మీద కోల్ బాగానే మాట్లాడాడు. కథ చెప్పుకునేవాళ్ళు ఆ మౌనాన్ని పట్టుకుని ఈ వ్యాసాన్ని వదిలేశారు.

1920లో కార్యదర్శి పదవి వదులుకున్నప్పుడు సొసైటీ వాళ్ళు చందాలు పోగుచేసి ఇచ్చిన డబ్బును కోల్ తిరిగి సొసైటీకే ఇచ్చేశాడు. కోల్ ప్రైజ్ దాంతోనే మొదలైంది. సంఖ్యా సిద్ధాంతంలో ఆ బహుమతి 2008లో మంజుల్ భార్గవకు, 2011లో చంద్రశేఖర్ ఖరేకు వచ్చింది.

విరుగుతుందని తెలియడం ఒక పని, విరిచి చూపడం వేరే పని. ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉండగలదో మొదట చూపింది ఈ 67 సంఖ్యే, ఇరవై ఏడేళ్ళు. 257 విషయంలో అది ఇంకా పెరిగింది. అది ప్రధానం కాదని లెమర్ మేజా మీది లెక్కయంత్రంతో తేల్చాక, మొదటి కారణాంకం దొరకడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది.

ఆ దూరాన్నే పనిలో పెట్టుకోవచ్చని 1977లో అమెరికాలో ఎంఐటీలో ముగ్గురికి తట్టింది. వాళ్ళు రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు గుణించి, ఫలితాన్ని అందరికీ చెప్పేస్తారు. ముక్కలు మాత్రం దాచుకుంటారు. రహస్యం తాళం పడాలంటే గుణకారం చాలు, తెరవాలంటే కారణాంకాలు కావాలి. బ్యాంకు వెబ్‌సైట్లలో రహస్యాలు కాపాడే పద్ధతుల్లో ఇదొకటి. బార్లో అక్కరకు రావన్న లెక్కలు ఇలా జేబుల దాకా వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టు సంచికలో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక 129 అంకెల సంఖ్య ఒకటి అచ్చేసి, విరిచినవాళ్ళకు వంద డాలర్లని ప్రకటించింది. అప్పటి అంచనా ప్రకారం దానికి నాలుగు వందల కోట్ల కోట్ల సంవత్సరాలు పట్టాలి. పదిహేడేళ్ళలో, 1994 ఏప్రిల్‌లో, ఇంటర్నెట్ మీద కలిసిన దాదాపు ఆరు వందల మంది ఎనిమిది నెలలు కంప్యూటర్లు నడిపి విరిచేశారు. వాళ్ళు వాడిన క్వాడ్రాటిక్ సీవ్ పద్ధతి కూడా వర్గాలనూ శేషాలనూ నమ్ముకున్నదే. కోల్ చూసి ఉంటే బంధుత్వం పోల్చుకునేవాడు.

ఇక ప్రధానమా కాదా అన్న ప్రశ్న మరీ తేలికైపోయింది. ఏ సంఖ్యకైనా, అదృష్టం మీద ఆధారపడకుండా, అంకెల సంఖ్యను బట్టి ఓ మోస్తరుగా మాత్రమే పెరిగే పనితో జవాబు చెప్పొచ్చని 2002 ఆగస్టులో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, ఆయన విద్యార్థులు నీరజ్ కాయల్, నితిన్ సక్సేనా రుజువు చేశారు. ముక్కలు వెతకడానికి అలాంటి దారి మామూలు కంప్యూటర్ల మీద ఇంకా ఎవరికీ దొరకలేదు. కోల్ సంఖ్యను మాత్రం ఇవాళ సెల్‌ఫోను కూడా కన్నుమూసి తెరిచేలోగా విరుస్తుంది.

అయినా తెలియడానికీ విరవడానికీ మధ్య ఆ దూరం పోలేదు. 1952లో రాఫెల్ రాబిన్సన్ కాలిఫోర్నియాలో స్వాక్ అనే తొలితరం కంప్యూటర్‌కు లూకాస్ పరీక్ష నేర్పి, 2300 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటికీ దాన్ని నడిపించాడు. కొత్తవి అయిదు దొరికాయి. వాటిలో 1279 ఒకటి, అన్ని రెళ్ళ సంఖ్య ప్రధానమే. దాని పక్కనే ఉన్న 1277 దగ్గర సున్నా రాలేదు. 385 అంకెల ఆ సంఖ్య ప్రధానం కాదని అప్పటి నుంచీ తెలుసు. డెబ్భై ఏళ్ళు దాటినా ఇన్ని యంత్రాలకూ దాని కారణాంకం ఒక్కటీ చిక్కలేదు. ఎప్పుడు చిక్కినా, 2554 గుణిజానికి ఒకటి కలిపినదే అయి ఉంటుంది. అంతవరకు ఫెర్మా 1640లోనే చెప్పాడు.